ముస్లిం హైస్కూలుకు పాఠ్య ప్రణాళిక: దీనీ తాలీమ్ (మత విద్య), బోర్డు చదువు రెండూ నిలిచేలా వారాన్ని ఎలా పంచాలి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, గద్వాల లాంటి ఊళ్లలో ముస్లిం యాజమాన్యాలు నడిపే హైస్కూళ్లు ఎక్కువగా రెండు రకాలుగా దారి తప్పుతాయి. ఒక రకం బడిలో దీనియాత్‌ను (మతధర్మ పాఠాన్ని) సాయంత్రం చివరి పీరియడ్‌లో పెడతారు. అప్పటికి పిల్లలు అలసిపోయి ఉంటారు. పైగా పదో తరగతికి రాగానే ఆ ఒక్క పీరియడ్‌నూ లెక్కల సార్‌కి ఇచ్చేస్తారు. రెండో రకం బడిలో పొద్దున రెండు మూడు గంటలు ఖురాన్‌కే పోతాయి, మిగిలిన సమయంలోకి ఆరు బోర్డు సబ్జెక్టులను కుక్కుతారు. మొదటి బడి పిల్లవాడు పది పాసై వచ్చినా జనాజా (అంత్యక్రియల) నమాజ్‌లో ఏం చదవాలో తెలియక నిలబడతాడు. రెండో బడి పిల్లవాడు తెలుగు పేపర్‌లో తప్పుతాడు. రెండు చోట్లా ఉద్దేశం మంచిదే. పీరియడ్లు లెక్కపెట్టకుండా సిలబస్ రాసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. కాబట్టి పుస్తకాల ఎంపిక కంటే ముందు గంటల లెక్క తేల్చుకోండి.

ముందు పిల్లల స్థాయి చూడండి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం కొత్త పాఠం మొదలుపెట్టొద్దు. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ విడిగా కూర్చోబెట్టి మూడు విషయాలు చూడండి.

తెలుగు: మూడో తరగతి వాచకంలోని ఒక పేరా చదివించండి. ఇరవై మాటల డిక్టేషన్ ఇవ్వండి, అందులో సగం వత్తులున్న మాటలై ఉండాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలు బజారు తెలుగు బాగానే మాట్లాడతారు. అది విని చదవడం కూడా వచ్చనుకుంటే మోసపోతారు. గుణింతాల దగ్గర, వత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు ఆరో తరగతిలో చాలామందే ఉంటారు.

లెక్కలు: పై స్థానం నుంచి అప్పు తెచ్చుకొని చేసే తీసివేతలు 5, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించేవి 5, సగం, పావు, ముప్పావు భిన్నాల మీద 5.

ఖురాన్: ప్రతి ఒక్కరి చేతా ఐదు వాక్యాలు చదివించి మూడు స్థాయిలుగా రాసుకోండి. నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాల మొదటి వాచకం) దగ్గరే ఉన్నవారు ఒక స్థాయి, ఆగి ఆగి చదివేవారు ఒకటి, ధారగా చదువుతూ తజ్వీద్ (ఉచ్చారణ నియమాలు) మాత్రం దిద్దాల్సినవారు మరొకటి.

పాలమూరు వైపు పనుల కోసం వలస వెళ్లే కుటుంబాల పిల్లల దగ్గర ఒక ప్రశ్న అదనంగా అడగాలి: పోయిన ఏడాది ఎన్ని నెలలు బడికి రాలేదు? జవాబు మూడు నెలలు దాటితే ఆ పిల్లల పేరు సాయంత్రం స్టడీ అవర్ జాబితాలో ముందే రాయండి.

గంటల లెక్క

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పని దినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. వారానికి ఆరు రోజుల చొప్పున 220 రోజులంటే సుమారు 36 వారాలు. పరీక్షలు, జెండా పండుగలు, స్పోర్ట్స్ డే తీసేస్తే 34 వారాలు చేతికొస్తాయని అనుకోండి.

రోజుకు 40 నిమిషాల పీరియడ్లు 8. శుక్రవారం 35 నిమిషాలవి 6. వారానికి మొత్తం 46 పీరియడ్లు, అంటే 30 గంటల 10 నిమిషాలు. 34 వారాలకు సుమారు 1025 గంటలు.

ఆరు, ఏడు తరగతులకు ఆ 46ను ఇలా పంచవచ్చు: తెలుగు 6, ఇంగ్లిష్ 6, ఉర్దూ 4, లెక్కలు 7, సైన్స్ 6, సోషల్ 5, ఖురాన్ 5, దీనియాత్ 2, ఆటలు 2, కంప్యూటర్, లైబ్రరీ కలిపి 2, క్లాస్ టీచర్ పీరియడ్ 1.

ఎనిమిదిలో సైన్స్ రెండుగా విడిపోతుంది కాబట్టి ఫిజికల్ సైన్స్ 4, బయాలజీ 4 ఇచ్చి, క్లాస్ టీచర్ పీరియడ్‌నూ కంప్యూటర్–లైబ్రరీలో ఒకదాన్నీ తీసేయండి. తొమ్మిది, పదికి తెలుగు 6, ఇంగ్లిష్ 6, ఉర్దూ 5, లెక్కలు 8, ఫిజికల్ సైన్స్ 5, బయాలజీ 4, సోషల్ 6, ఖురాన్ 3, దీనియాత్ 1, ఆటలు 1, కంప్యూటర్ లేదా లైబ్రరీ 1.

ఆరు, ఏడు తరగతుల్లో దీనీ తాలీమ్‌కు వారానికి 7 పీరియడ్లు పోతున్నాయి, ఏడాదికి 158 గంటలు. ఇది చిన్న మొత్తం కాదు, దాచిపెట్టొద్దు. దాన్ని పూడ్చడానికి బడి వదిలే ముందు 40 నిమిషాల స్టడీ అవర్ వారానికి ఐదు రోజులు పెట్టండి, ఏడాదికి 113 గంటలు తిరిగొస్తాయి. ఆ సమయంలో కొత్త పాఠం చెప్పొద్దు. జూన్ పరీక్షలో వెనకబడినవారికి తెలుగు, లెక్కలు, మిగతావారికి హోంవర్క్. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఈ లెక్క తగ్గుతుంది కాబట్టి, బరువైన పాఠాలు ఫిబ్రవరికి మిగల్చకండి.

భాషల సంఖ్య దగ్గర గట్టిగా నిలబడాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పదో తరగతి వరకు అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి. ఉర్దూ, ఇంగ్లిష్ ఎలాగూ ఉంటాయి. వీటిపై హిందీ, ఆపైన వ్యాకరణంతో అరబీ పెడితే ఐదు భాషలవుతాయి, పదకొండేళ్ల పిల్లలు ఒక్కదానిలోనూ కుదురుకోలేరు. ఉర్దూ మొదటి భాష, తెలుగు రెండో భాష, ఇంగ్లిష్ మూడో భాషగా పెట్టుకుంటే హిందీ అవసరం రాదు. అరబీని ఎనిమిది వరకు ఖురాన్ చదవడానికీ, నమాజ్‌లో చదివే వాటి అర్థానికీ పరిమితం చేయండి. సర్ఫ్, నహ్వ్ (అరబీ వ్యాకరణం) కావాలనుకునే పిల్లలకు తొమ్మిది తర్వాత సెలవుల్లో విడిగా చెప్పించవచ్చు.

తెలుగును "మన భాష కాదు" అని పక్కన పెట్టే యాజమాన్యాలు పిల్లలకు చేసే నష్టం పెద్దది. ఈ జిల్లాల్లో తహసీల్ ఆఫీసు కాగితం, బ్యాంకు ఫారం, పోలీసు ఫిర్యాదు, పక్కింటివారితో బంధం, అన్నీ తెలుగులోనే నడుస్తాయి. అర్హత ఉన్న తెలుగు పండిట్‌ను మిగతా టీచర్లతో సమానమైన జీతంతో పెట్టుకోండి.

ఖురాన్ పీరియడ్ ఎలా నడపాలి

ఎక్కువ బడుల్లో దెబ్బతినేది ఇక్కడే. 30 మంది క్లాసు, 40 నిమిషాలు. వజూ (చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) చేసి కుదురుకునేసరికి 5 నిమిషాలు. మిగిలిన 35 నిమిషాల్లో ఉస్తాద్ అందరిదీ వింటే ఒక్కొక్కరికి నిమిషం పైచిలుకే దొరుకుతుంది. అంత తక్కువ సమయంలో ఏ తప్పూ దిద్దలేరు. ఐదేళ్ల తర్వాత కూడా పిల్లవాడు అరబీ అక్షరాల్లో ఐన్‌ను అలిఫ్‌లా, హా–ఎ–హుత్తీని మామూలు హా లాగే పలుకుతుంటాడు.

ఇలా మార్చండి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఖురాన్ పీరియడ్లన్నీ ఒకే వేళకు, పొద్దున మొదటి పీరియడ్‌కు పెట్టండి. ముగ్గురు ఉస్తాద్‌లు కావాలి. తరగతి చూడకుండా జూన్‌లో రాసుకున్న స్థాయిని బట్టి పిల్లల్ని మూడు గుంపులు చేయండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఖాయిదా గుంపులో కూర్చోవాల్సి రావచ్చు. నామోషీ పడకుండా పెద్ద పిల్లలకు ఒక మూల వేరే వరుస ఇవ్వండి. ఒక్కో గుంపులో 30 మంది ఉన్నారనుకుంటే: 10 నిమిషాలు ఉస్తాద్ చదువుతుంటే అందరూ కలిసి చదవాలి. తర్వాతి 25 నిమిషాల్లో ఉస్తాద్ 10 మందిని దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్కొక్కరిది రెండున్నర నిమిషాలు వినాలి. మిగతా 20 మంది జోడీలుగా ఒకరిది ఒకరు వినాలి. మర్నాడు ఇంకో పది మంది. అలా మూడు పీరియడ్లకోసారి ప్రతి పిల్లా ఉస్తాద్ ముందు కూర్చుంటుంది. విన్న తేదీ, ఆగిన చోటు, దిద్దిన అక్షరం ఒక చిన్న రిజిస్టర్‌లో రాయాలి. రాయకపోతే బాగా చదివేవాళ్లవే మళ్లీ మళ్లీ వింటారు, వెనక కూర్చున్నవారు అలాగే ఉండిపోతారు.

15 వరుసల ముస్‌హఫ్‌లో (ఖురాన్ ప్రతిలో) ఒక్కో పారా (ఖురాన్ 30 భాగాల్లో ఒకటి) సుమారు 20 పేజీలు, మొత్తం 600. మూడేళ్లలో నాజిరా (చూసి చదవడం) ముగియాలంటే ఏడాదికి 200 పేజీలు. వారంలో ఒక పీరియడ్ వెనకటి పాఠానికి వదిలేస్తే ఏడాదికి 136 పీరియడ్లు మిగులుతాయి, అంటే పీరియడ్‌కు పేజీన్నర. ధారగా చదివే గుంపు దీన్ని సులువుగా అందుకుంటుంది. ఖాయిదా గుంపుకు మొదటి ఏడాది ఖాయిదాతోపాటు 30వ పారా నాజిరా చాలు. అందరికీ ఒకే గడువు పెట్టి ఖత్మ్ (మొత్తం చదివి ముగించడం) చేయించాలని తొందరపడితే, ఉస్తాద్ తప్పులు వినీ విననట్టు వదిలేయాల్సి వస్తుంది.

కంఠస్థానికి 30వ పారాలోని 37 సూరాలు ఐదేళ్లకు సరిపోతాయి. ఆరు, ఏడు తరగతుల్లో సూరహ్ నాస్ నుంచి వెనక్కి సూరహ్ జుహా వరకు 22. ఎనిమిదిలో 92 నుంచి 87 దాకా 6. తొమ్మిదిలో 86 నుంచి 80 దాకా 7. మిగిలిన రెండూ, నాజిఆత్, నబా, ఆసక్తి ఉన్నవారికి తొమ్మిది తర్వాతి సెలవుల్లో. పదిలో కొత్తది ఏమీ వద్దు, నేర్చుకున్నది నిలబెట్టుకుంటే చాలు.

పూర్తి హిఫ్జ్‌ను (ఖురాన్ మొత్తం కంఠస్థం చేయడాన్ని) మామూలు బడి వేళల్లోకి దూర్చొద్దు. కొత్త పాఠం (సబఖ్), ఇటీవలి పాఠాల పునశ్చరణ (సబఖీ), పాత పారాల పునశ్చరణ (మన్‌జిల్), ఈ మూడూ రోజూ జరగాలి. దానికి రోజుకు కనీసం మూడు నాలుగు గంటలు పడుతుంది. బడితోపాటు సగం సగం చేసిన పిల్లలకు రెండూ జారిపోతాయి. హిఫ్జ్ విడిగా పూర్తి చేయించి, వచ్చాక ఆరు నెలల బ్రిడ్జ్ తరగతి పెట్టడం మేలు: లెక్కలు నాలుగో తరగతి నుంచి, తెలుగు అక్షరాల నుంచి, ఇంగ్లిష్ చదవడం నుంచి. హాఫిజ్ పిల్లల జ్ఞాపకశక్తి గొప్పది, కానీ వాళ్లు సైన్స్ నిర్వచనాలను కూడా కంఠతా పట్టేసి అర్థం వదిలేస్తారు. వాళ్ల చేత బొమ్మ గీయించండి, ప్రయోగం చేయించండి, సొంత మాటల్లో చెప్పించండి. వయసు బాగా దాటిపోయినవారికి 14 ఏళ్లు నిండాక తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా ఎస్సెస్సీ రాసే దారి ఉంది.

దీనియాత్: వయసుకు తగిన అంశం

ఆరో తరగతిలో తహారత్ (శుచి), వజూ, నమాజ్. పుస్తకంతో సగం, కుళాయి దగ్గర సగం. ఏడులో మక్కా కాలపు సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర), అఖీదా (విశ్వాసాలు). బాలిగ్ అయ్యాక (యుక్తవయసు వచ్చాక) వర్తించే గుస్ల్ (పూర్తి స్నానం), హైజ్ (నెలసరి) మసాయిల్ (ధర్మ నియమాలు) కూడా ఏడులోనే చెప్పాలి. ఆడపిల్లలకు ఆలిమా (మత పండితురాలు), మగపిల్లలకు ఉస్తాద్, విడివిడిగా. బయాలజీలో కౌమార దశ పాఠం ఎనిమిదిలో వస్తుంది, కానీ చాలామంది ఆడపిల్లలకు అంతకు ముందే అవసరం వచ్చేస్తుంది. ఎవరూ చెప్పకపోతే భయపడి బడి మానేస్తారు. ఎనిమిదిలో మదీనా కాలపు సీరత్, రోజా, పొరుగువారి హక్కులు. తొమ్మిదిలో జకాత్ (తప్పనిసరి దానం), హలాల్ సంపాదన, కొనడం–అమ్మడంలో నిజాయితీ. పదిలో నిఖాహ్ (పెళ్లి), మహర్ (వధువుకు వరుడు ఇచ్చే సొమ్ము), వారసత్వం, జనాజా. అమ్మాయికి 18 నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమని కూడా ఆ నిఖాహ్ పాఠంలోనే చెప్పండి, పెద్దవాళ్లను పిలిచి వాళ్ల ముందు కూడా చెప్పండి. పది కాగానే ఆడపిల్లల చదువు ఆపేసే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి.

మసాయిల్‌లో బడి ఏ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) పుస్తకం వాడుతుందో యాజమాన్యం రాతపూర్వకంగా తేల్చాలి. ఇంట్లో వేరే పద్ధతి పాటించే పిల్లల్ని క్లాసులో తప్పుపట్టకూడదు. ఆమీన్ గట్టిగా అనాలా, మెల్లగా అనాలా అన్న వాదన హైస్కూల్ తరగతి గదిలోకి వస్తే ఆ ఏడాది దీనియాత్ అంతా దానికే పోతుంది.

నమాజ్ చేసినందుకు మార్కులు వేయొద్దు. తిలావత్ (ఖురాన్ పఠనం) వినండి, మసాయిల్ పరీక్ష పెట్టండి, వాటికి గ్రేడ్ ఇవ్వండి. ఇబాదత్‌కు (ఆరాధనకు) మార్కులు పెడితే మనం చేతులారా పిల్లలకు దిఖావా (పైకి చూపించుకోవడం) నేర్పినవాళ్లమవుతాం.

ముస్లిమేతర పిల్లలు మీ బడిలో ఉంటే, రాజ్యాంగం 28(3) అధికరణం గుర్తుంచుకోండి. ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న సంస్థలో, మైనర్ అయితే సంరక్షకుల అంగీకారం లేకుండా, ఏ విద్యార్థినీ మతబోధనలో కూర్చోబెట్టకూడదు. అడ్మిషన్ ఫారంలోనే అంగీకార పత్రం పెట్టండి. ఒప్పుకోనివారికి ఆ వేళ లైబ్రరీ, టీచర్‌తో సహా ఉండాలి. వరండాలో నిలబెట్టడం అవమానం.

సబ్జెక్టులను ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు

కలిపితే నిజంగా బలపడేవి కొన్ని ఉన్నాయి. శాతాల పాఠంలో జకాత్: నిసాబ్ (జకాత్ వర్తించే కనీస మొత్తం) దాటిన పొదుపు 1,20,000 రూపాయలు ఏడాది నిలిస్తే, రెండున్నర శాతం, అంటే 40వ వంతు, 3,000. భిన్నాల పాఠంలో మీరాస్ (వారసత్వ వాటాలు): ఒకతను భార్యను, కొడుకును, కూతుర్ని వదిలి చనిపోయాడు, అప్పులు పోను ఆస్తి 2,40,000. భార్యకు ఎనిమిదో వంతు, 30,000. మిగిలిన 2,10,000 కొడుకు, కూతుళ్లకు 2:1 నిష్పత్తిలో, 1,40,000, 70,000. ఈ లెక్క చేసిన అమ్మాయి రేపు తన వాటా అడగగలుగుతుంది.

భూగోళంలో ఖిబ్లా (నమాజ్‌లో తిరగాల్సిన మక్కా దిక్కు): మన ప్రాంతం నుంచి అది సూటిగా పడమర కాదు, సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉంటుంది. దిక్సూచితో పిల్లల చేత ముసల్లాల (నమాజ్ చాపల) వరుస గీయించండి. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సౌరమానం 365. రంజాన్ ఏటా 10–11 రోజులు ముందుకు ఎందుకొస్తుందో ఆ తేడాలోనే దొరుకుతుంది. నల్లగొండ జిల్లా బడి అయితే నీళ్ల పాఠాన్ని ఫ్లోరైడ్‌తో చెప్పకుండా వదలొద్దు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల పెద్దవారి కాళ్లలో చూస్తున్నారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచంలో ఉన్న పేరే నల్లగొండ టెక్నిక్.

సోషల్‌లో సుల్తానులు, నిజాంల దగ్గరే ఆగొద్దు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వల్ల వచ్చిందని చెప్పండి. దానితోపాటు విసునూరు దేశ్‌ముఖ్‌కు (భూస్వామికి) ఎదురు నిలిచి ప్రాణం పోగొట్టుకున్న రైతు షేక్ బందగీనీ, రజాకార్లను విమర్శించి 1948 ఆగస్టులో హత్యకు గురైన ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌నూ చెప్పండి. ఈ నేలతో తమకున్న బంధం పిల్లలకు వీళ్ల ద్వారా తెలుస్తుంది.

కలపకూడనివీ ఉన్నాయి. ప్రతి రసాయన సూత్రానికీ ఒక ఆయత్ (ఖురాన్ వాక్యం) అతికించడం వద్దు. రేపు సైన్స్ సిద్ధాంతం మారితే పిల్లల మనసులో ఆయత్ మీద సందేహం పుడుతుంది. పదో తరగతి అనువంశికత పాఠంలోని పరిణామ భాగాన్ని దాటవేయొద్దు. పరీక్షలో ప్రశ్న వస్తుంది, ఇంటర్ బైపీసీకి పునాదీ అదే. బయాలజీ టీచర్ దాన్ని పూర్తిగా, సైన్స్‌గా చెప్పాలి. పిల్లల ప్రశ్నలకు ఆ వారం దీనియాత్ పీరియడ్‌లో ఆలిమ్ తీరిగ్గా కూర్చోవాలి. వడ్డీ లెక్కలూ అంతే. రిబా (వడ్డీ) హరామ్ (నిషిద్ధం) అని చెప్పే ఉస్తాద్ వద్దన్నా, లెక్కల సార్ మొత్తం నేర్పాలి. వడ్డీ ఎలా పెరుగుతుందో లెక్క కట్టగలిగిన పిల్లవాడే రేపు ఇంట్లోవాళ్లను అప్పు ఊబిలో పడకుండా ఆపగలడు.

జొహర్ (మధ్యాహ్న నమాజ్), జుమా (శుక్రవారం నమాజ్), నీళ్లు

ఈ ప్రాంతంలో జవాల్ వేళ (సూర్యుడు నడినెత్తిన దాటే సమయం) నవంబర్ మొదట్లో 12 గంటల అటూ ఇటూ, ఫిబ్రవరి మధ్యలో పన్నెండున్నర దగ్గర. కాబట్టి ఒంటిగంటకు జమాత్ (సామూహిక నమాజ్) పెడితే ఏడాదంతా మార్చక్కర్లేదు. భోజనం, నమాజ్ కలిపి 50 నిమిషాలు ఇవ్వండి. శుక్రవారం 9 గంటలకు మొదలుపెట్టి 35 నిమిషాల పీరియడ్లు ఆరు, మధ్యలో 10 నిమిషాల విరామం అయితే 12:40కి బడి వదలవచ్చు. పిల్లలు తమ మహల్లా మస్జిద్‌లో ఖుత్బాకు (ప్రసంగానికి) ముందే చేరతారు.

టైంటేబుల్ చెడిపోయేది వజూ దగ్గర. 200 మందికి 10 కుళాయిలుంటే, మనిషికి 2 నిమిషాల చొప్పున 40 నిమిషాలు పడుతుంది, ఆరో పీరియడ్ సగం పోతుంది. 20 కుళాయిలు పెట్టి, చిన్న తరగతుల్ని ముందు, పెద్ద తరగతుల్ని తర్వాత పంపితే 20 నిమిషాల్లో అయిపోతుంది. మగ్గుతో చేస్తే మనిషికి 2 లీటర్లు చాలు, రోజుకు 400 లీటర్లు. కుళాయి తిప్పి వదిలేస్తే అంతకు రెండు మూడింతలు పోతుంది, ఏప్రిల్‌లో ట్యాంకర్ తెప్పించాలి. ఆడపిల్లలకు వేరే చోటు, తలుపున్న వజూఖానా తప్పనిసరి.

రంజాన్, పరీక్షలు

రాబోయే ఏళ్లలో రంజాన్ సరిగ్గా ఎస్సెస్సీ ముందుకు వస్తోంది: చంద్రదర్శనాన్ని బట్టి 2027లో ఫిబ్రవరి రెండో వారం నుంచి, 2028లో జనవరి చివర నుంచి. అందుకని పదో తరగతి సిలబస్ డిసెంబర్ ఆఖరుకల్లా ముగించేలా నెలవారీ పట్టిక వేసుకోండి. రంజాన్‌లో బడి పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి వదిలేయండి. లెక్కలు, ఫిజికల్ సైన్స్ మొదటి మూడు పీరియడ్లలో, భాషల రివిజన్ తర్వాత. గ్రాండ్ టెస్టులు మధ్యాహ్నం పెట్టొద్దు. తరావీహ్‌కు (రంజాన్ రాత్రి నమాజ్‌కు) వెళ్లిన పిల్లలు పడుకునేసరికి పదిన్నర దాటుతుంది, సహరీకి (తెల్లవారుజాము భోజనానికి) మళ్లీ లేస్తారు. ఆ నెల హోంవర్క్ సగానికి తగ్గించండి.

టీచర్ల పంపకం

ఐదు తరగతులకు ఒక్కో సెక్షన్ అనుకుంటే తెలుగుకు వారానికి 30 పీరియడ్లు, ఇంగ్లిష్‌కు 30, ఒక్కొక్కరు నిండుగా సరిపోతారు. లెక్కలకు 37 వస్తాయి, ఒక్కరి మీద వేస్తే నోటుపుస్తకాలు దిద్దడం ఆగిపోతుంది. ఆరో తరగతి లెక్కల్ని ఫిజికల్ సైన్స్ టీచర్‌కు ఇవ్వండి, ఆయనకు 21 అవుతాయి. బయాలజీ టీచర్‌కు ఆరు, ఏడు సైన్స్‌తో కలిపి 24. ఉస్తాద్‌లను పొద్దున ఒక్క పీరియడ్‌కే పిలిచి పంపేయొద్దు. వాళ్లూ స్టాఫ్ మీటింగ్‌లో కూర్చోవాలి, సైన్స్ టీచర్‌కు ఏ పాఠం నడుస్తోందో వాళ్లకు తెలియాలి. అలాగే ఉర్దూ, దీనియాత్ ఒక్కరికే అప్పగించే ముందు ఆయనకు ఉర్దూ బోధన అర్హత ఉందో లేదో చూడండి. మంచి ఆలిమ్ అయినంత మాత్రాన ఎస్సెస్సీ ఉర్దూ పేపర్ తీరు తెలిసి ఉండదు.

దసరా సెలవులకు ముందు ఒక రోజు కూర్చొని మూడు కాగితాలు పక్కపక్కన పెట్టండి: ఏ సబ్జెక్టులో ఎన్ని పీరియడ్లు అనుకున్నాం, నిజంగా ఎన్ని జరిగాయి, ఖురాన్ రిజిస్టర్‌లో ఎవరి పేరు రెండు వారాలుగా కనబడలేదు. ఎక్కువ పీరియడ్లు పోయిన సబ్జెక్టుకు నవంబర్ నుంచి స్టడీ అవర్‌లో రెండు రోజులు కేటాయించండి. ఖురాన్, ఆటల పీరియడ్లను మాత్రం దానికి ముట్టుకోవద్దు.